ఇంటి దిక్కుకు జారిన రాయి

బయల్దేరే ముందు

మదనపల్లె మీదుగా కుప్పం వెళ్తున్నానని చెప్పగానే మా భీమవరంలో తలా ఒక సలహా ఇచ్చారు. పక్కింటి పిన్నిగారు, అక్కడ టమాటాలు ఊరికే ఇస్తారట, ఓ సంచి పట్రమ్మా అంది. మా స్కూల్లో లెక్కల మాస్టారు రాయలసీమ ఎండలకు మాడిపోతారని భయపెట్టి, చలికాలం అని కూడా చూడకుండా తన గొడుగు ఇచ్చాడు. మా ఆయన మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇంతకీ ఏం పని మీద?" అని అడిగాడు.

"అంపైరుగా."

"దేనికి?"

"బండాటకి."

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. ఆయన్ని అనుకుని ఏం లాభం? నాకే సరిగ్గా తెలియదు. నేను ఆటల టీచర్ని. టెన్నికాయిట్‌కి జిల్లా స్థాయిలో ఈల వేసిన అనుభవం ఉంది, అంతే. వ్యాయామ కళాశాలలో నాతో చదివిన శ్యామల ఫోన్ చేసి, కుప్పంలో ఒక గ్రానైట్ యజమాని కొత్త ఆట పెడుతున్నాడని, నునుపు బండ మీద పిడి ఉన్న గుండ్రాయిని జారవిడిచి దూరంగా గీసిన వలయంలో నిలపాలని, జట్టుకు ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు ఉంటారని, ఆడినందుకు డబ్బు కూడా ఇస్తారని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చలిదేశాల్లో మంచు మీద ఆడతారట ఆ ఆట. ఇక్కడ మంచు లేదు కాబట్టి బండ.

"మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మూడు టీములు. అంపైరు మాత్రం వేరే జిల్లా మనిషి కావాలంటాడు ఆ యప్ప. లేకపోతే కొట్టుకుంటారంట. నువ్వు రా సుగుణా" అంది.

కాలేజీలో శ్యామల డిస్కస్ విసిరితే మేము గేటు దాకా పరుగెత్తి వెతికి తెచ్చేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆమె చేతితో విసిరిన వస్తువేదీ నాకు తెలియదు. ఆ గొంతులో ఆ హుషారు విని ఎన్నేళ్ళయిందో. వస్తానన్నాను.

మదనపల్లె

తెల్లవారుజామున బస్సు దిగేసరికి పళ్ళు టకటకమన్నాయి. లెక్కల మాస్టారి గొడుగును శాలువాలా కప్పుకోలేను కదా. మా ఊళ్ళో డిసెంబరు అంటే ఫ్యాను ఒక అంకె తగ్గించుకునే కాలం. ఇక్కడ టీ బంకు దగ్గర పెద్దవాళ్ళంతా మంకీ క్యాపుల్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి గ్లాసుల్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. టీ రెండు రూపాయలు. గ్లాసు మా ఊరి గ్లాసులో సగమే గాని, పాలు చిక్కన.

శ్యామల కొంచెం లావయింది, నవ్వు మాత్రం అదే. ఇంటికి తీసుకెళ్ళి వేడి నీళ్ళు పెట్టి, పొద్దున్నే రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి ముందు పెట్టింది. వేరుశెనగ పప్పు పచ్చడిని అక్కడ అలా అంటారు. నేను సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని బుద్ధిగా నమలడం మొదలుపెట్టాను. ఎంత నమిలినా అది తగ్గదు. శ్యామల అత్తగారు నన్నే చూస్తూ, ఇక ఉండబట్టలేక, "నమిలితే యాడ పోతాదమ్మా అది? ముంచుకో, మింగు" అంది. రెండో ముద్ద ఆవిడ చెప్పినట్టే మింగాను. మూడో ముద్దకి నాకు ఊరుబిండి మీద ప్రేమ పుట్టింది. ఆ కారానికి కళ్ళు తుడుచుకుంటూనే ఇంకొంచెం వడ్డించుకున్నాను.

కోడలు మగవాళ్ళతో కలిసి ఆడటానికి ఆ అత్తగారు ఒకే ఒక్క షరతు పెట్టిందట: మొగుడు కూడా అదే జట్టులో ఉండాలి. అలా శ్యామల భర్త భాస్కర్ ఆటగాడయ్యాడు. ఆయనకు టమాటా మండీ ఉంది. నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. అంత ఎరుపు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ళో కిలో పన్నెండు పెట్టి కొన్న టమాటాలు ఇక్కడ పెట్టెలు పెట్టెలుగా వేలంలో పోతున్నాయి. భాస్కర్ పెట్టెల మధ్య గంతులు వేస్తూ, వేళ్ళతో ధరలు చెబుతూ, ఒకేసారి ముగ్గురితో బేరమాడుతున్నాడు. ఆయన్ని అలా నోరు తెరుచుకుని చూస్తూ, మూత ఉందనుకుని ఒక పెట్టె మీద కూర్చున్నాను. మూత లేదు. ఆ తర్వాత రోజంతా శ్యామల చీరే కట్టుకున్నాను.

"పోనీలెండి భాస్కర్ గారూ, ఆ పెట్టె డబ్బులు నేనిస్తాను" అన్నాను సిగ్గుతో.

"గారు ఏందక్కా, యాదో ఆఫీసరును పిలిచినట్ల! భాస్కరప్పా అను సాలు. టమాటాదేముండాది, పులుసుకు పోతాది" అన్నాడు. మంచి మనిషి. అందుకే ఆ సాయంత్రం చూసింది నాకు మరీ ఆశ్చర్యమనిపించింది.

మండీ వెనక గోడౌన్‌లో కడప బండల నేల. అక్కడ జట్టు సాధన చేస్తోంది. శ్యామల, భాస్కర్, చీరలు నేసే రెడ్డెమ్మ, మండీ గుమాస్తా. బండ మీద క్యారమ్ బోర్డు పౌడరు చల్లుతారు. ఒకరు రాయి వదలగానే ఇద్దరు దాని ముందు పొడుగు చీపుర్లతో గబగబా ఊడుస్తూ పోవాలి. పౌడరు రాయి దారిలో పలచగా పరుచుకుంటే రాయి ఇంకా దూరం జారుతుంది. ఆపేస్తే నెమ్మదిస్తుంది. ఆటలో సగం బలం చేతిది, సగం చీపురుది.

భాస్కర్ రాయి వదిలాడు. శ్యామల, రెడ్డెమ్మ రెండు పక్కలా ఊడ్చారు. రాయి చక్కగా వలయంలోకి వెళ్ళింది. తర్వాత శ్యామల వదిలింది. నడుము వంచిన తీరు, చెయ్యి చాచిన తీరు చూసి నాకు కాలేజీ గ్రౌండు గుర్తొచ్చింది. కానీ ఊడ్చింది రెడ్డెమ్మ ఒక్కతే. భాస్కర్, గుమాస్తా చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాయి వలయానికి ముందే ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే.

"మీరు ఊడవరా?" అని అడిగాను.

భాస్కర్ తలుపు వైపు చూశాడు. బయట హమాలీలు బీడీలు కాల్చుకుంటున్నారు. "అక్కా, రాయి ఎన్నిసార్లు ఏయమన్నా ఏస్తా. చీపురు మాత్రం నా సేతికియ్యొద్దు. మండీలో నలుగురూ సూసినారంటే రేపు వేలంలో నా మాటకు ఇలువ ఉంటాదా?"

శ్యామల నా వైపు చూసి భుజాలు ఎగరేసింది. "నేను బలం పెంచుకుంటాలే" అంది. పెంచుకుంటే రాయి వలయం దాటి గోడకు తగులుతోంది. అన్నేళ్ళ తర్వాత ఆటలోకి వచ్చిన మనిషి రాయి ఒక్కటి కూడా అనుకున్న చోట నిలవకపోతే ఎంత బాధ! ఆమె మళ్ళీ రాయి అందుకుంది గాని, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పుంగనూరు

మర్నాడు శనివారం జీపులో బయల్దేరాం. దారి పొడవునా చింతచెట్లు, బండ గుట్టలు, మధ్యలో వేరుశెనగ పీకేసిన చేలు. మా వైపు కాలవ కనపడకుండా పది నిమిషాలు ప్రయాణం చేయలేం. ఇక్కడ నీళ్ళు కనిపిస్తే డ్రైవర్ కూడా తల తిప్పి చూస్తాడు.

పుంగనూరు జట్టు అన్నదమ్ములిద్దరు, వాళ్ళ భార్యలిద్దరు. అన్న పేరు గంగులప్ప. ఇంటి ముందు కట్టేసిన ఆవును చూసి, "దూడ ముచ్చటగా ఉందండీ" అన్నాను. గంగులప్పకు కోపం వచ్చింది. "దూడా? రెండీతలు ఈనింది మేడం అది!" నిజంగానే దాని వీపు నా నడుము దాకా కూడా రాదు. పుంగనూరు ఆవుల సంగతి విన్నాను గాని, ఇంత పొట్టివనుకోలేదు. నేను తప్పయిందని చెప్పి దాని మెడ నిమిరితే, అది లెక్కల మాస్టారి గొడుగు పిడి నాకేసింది.

గంగులప్ప భార్య అలసందల వడలు పెట్టింది. అవి తింటూ నేను కుప్పం నుంచి పంపిన నియమాల కాగితం తీశాను. జట్టులో ప్రతి ఒక్కరూ రాయి వెయ్యాలి, ప్రతి ఒక్కరూ ఊడవాలి, ఇందులో ఆడ మగ తేడా లేదు అని చదివి వినిపించాను. గంగులప్ప శ్రద్ధగా విని, ఇంకో వడ నా ప్లేటులో వేశాడు.

"నువ్వు సెప్పేది సరే మేడం. మూడూర్ల మొగోళ్ళం ముందే మాట్లాడుకోనుండాం. రాయి ఏస్తాం, చీపురు పట్టం. కుప్పమోళ్ళూ అంతే. అందురికీ ఒగే మాట అయినప్పుడు ఎవురికీ నష్టం ల్యాదు గదా?"

"నష్టం ఆడవాళ్ళకు" అన్నాను. "మీరు వేసిన రాళ్ళకు ఇద్దరు ఊడుస్తున్నారు, వాళ్ళు వేసిన రాళ్ళకు ఒక్కరే."

లోపల్నించి ఆయన భార్య, "అట్ల అడుగు మేడం" అంది. గంగులప్ప ఆవుకు కుడితి పెట్టాలని లేచి వెళ్ళిపోయాడు.

ఊడవని వాళ్ళని ఆటలోంచి తీసేస్తే? మగవాళ్ళంతా బయటికి పోతారు. జట్లే ఉండవు, లీగే ఉండదు. జీపులో ఆ మాటే శ్యామలతో అన్నాను. "ఇప్పుడు గొడవ పెట్టుకోవద్దు సుగుణా" అంది. "ఒక్క సీజనన్నా ఆడనీ నన్ను. ఆ తర్వాత నువ్వేమన్నా చెయ్యి." ఇక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

కుప్పం

వెంకటగిరికోట దాటాక దుకాణాల బోర్డుల మీద అక్షరాలు మారుతూ వచ్చాయి. కుప్పంలో నేను కాఫీ తాగిన హోటలాయన ఒకే గుక్కలో నాతో తెలుగు, వంటవాడితో తమిళం, పాలవాడితో కన్నడం మాట్లాడి, చిల్లర సరిగ్గా ఇచ్చాడు. మా ఊళ్ళో ఒక్క తెలుగులో కూడా సరిగ్గా చిల్లర ఇవ్వరు. ఇడ్లీల మీద సాంబారు అడక్కుండానే కుమ్మరించారు. ముట్టుకుంటే విడిపోయేంత మెత్తగా ఉన్నాయి.

లీగ్ పెట్టిన మనిషి చెంగప్ప. ఊరి చివర అతని బండల ఫ్యాక్టరీ. అటూ ఇటూ కోసిన పలకలు నిలబెట్టిన ఆవరణలో, గేటు దగ్గర్నుంచి ఆఫీసు గది మెట్టు దాకా పొడుగ్గా ఆకుపచ్చ ఛాయ గ్రానైట్ పరిచి, అద్దంలా పాలిష్ పట్టించాడు. రెండు చివర్లా ఎర్ర వలయాలు. వంగి చూస్తే నా ముఖంలో చలికి పగిలిన పెదాలు కూడా కనిపించాయి. పైన గుడ్డ బ్యానరు: ప్రొఫెషనల్ బండాట లీగ్, స్త్రీ పురుష మిశ్రమ జట్లు.

"బెంగుళూరులో పార్టీ ఇంట్లో టీవీలో సూసినా మేడం" అన్నాడు చెంగప్ప. "ఐసు మీద గుండ్రాయి తోస్తాండారు. ఆ రాయి మన గ్రానైటే! నాకు ఆ రాత్రి నిద్ర ల్యాదు. వాళ్ళకు ఐసు ఉండాది, మనకు బండ ఉండాది. మనమేం తక్కువ?"

మొదట ఐసులా ఉండాలని బండ మీద నీళ్ళు పోశాడట. నున్నటి రాయి నున్నటి తడిబండకు అంటుకుపోయి, ఇద్దరు కలిసి లాగితే గాని రాలేదు. పౌడరు ఆలోచన వాళ్ళమ్మది. ఆ ముసలమ్మ, అందరికీ అవ్వ, ఆఫీసు గడప పక్కన కుర్చీలో కూర్చుని ఫ్యాక్టరీ అంతా చూసుకుంటుంది. ఆవిడకు ఆ ఆఫీసే ఇల్లు. లోపల గోడకి లక్ష్మీదేవి పటం, దాని ముందు కుందులు.

ఇక అసలు విషయం చెప్పాడు. లీగ్ మొత్తం ఖర్చు తనొక్కడి వల్ల కాదు. చుట్టుపక్కల క్వారీ యజమానులు ఆదివారం ఆట చూడటానికి వస్తున్నారు. వాళ్ళ పెద్ద నారాయణప్పకు నచ్చితే సీజన్ ఖర్చు అందరూ పంచుకుంటారు. నచ్చకపోతే?

చెంగప్ప ఆ పచ్చబండను కాలితో సుతారంగా తట్టాడు. "ఇదంతా బెంగుళూరు కళ్యాణమండపమోళ్ళు అడుగుతాండారు. సోమారం పొద్దున లారీ వస్తాది. నారాయణప్ప సరే అంటే వాళ్ళకు వేరే బండ. ల్యాదంటే ఇదే."

శ్యామల ఆ బండ అంచున నిలబడి, చెప్పులు విప్పి, ఒక్క కాలు పెట్టి చూసుకుంది.

ఆదివారం ఆట

తొలి ఆట మదనపల్లెకీ కుప్పానికీ. నారాయణప్ప బృందం వచ్చేసరికి ఆలస్యమైంది. ఇంకాసేపట్లో రాహుకాలం. ఆదివారం సాయంత్రం రాహుకాలంలో ఏదైనా మొదలుపెడతారా ఎవరైనా? అది పోయేసరికి చీకటి పడుతుంది. చెంగప్ప చెమటలు తుడుచుకుంటుంటే అవ్వ లేచి, కొంగు బిగించి, రెండు చేతులతో ఒక రాయిని తోసింది. అది మూరెడు జరిగింది. "మొదులైపాయ. ఇంగ ఆడుకోండి" అంది. రాహుకాలానికి ముందే ఆరంభమైంది కాబట్టి ఇక అడ్డేమీ లేదు. ఇలాంటి తెలివి మా గోదావరి జిల్లాల్లోనే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

నేను ఈల వేశాను. ఫ్యాక్టరీ పనివాళ్ళు, పుంగనూరు జట్టు, మదనపల్లె నుంచి మండీ జనం ఒక జీపు నిండా. ఒక చుట్టు ఆఫీసు నుంచి గేటు వైపు, తర్వాతి చుట్టు గేటు నుంచి ఆఫీసు వైపు. ఎవరి రాయి నడిమి బొట్టుకు దగ్గరగా ఉంటే వాళ్ళకు పాయింటు. మొదటి చుట్టుకే జనం విషయం పట్టేసి, రాయి కదిలితే చాలు "ఊడ్సు, ఊడ్సు" అని అరవడం మొదలుపెట్టారు.

కానీ శ్యామల రాళ్ళన్నీ ముందే ఆగిపోతున్నాయి. రెడ్డెమ్మ ఒక్కతే ఎంతని ఊడుస్తుంది? కుప్పం ఆడవాళ్ళ రాళ్ళూ అంతే. మగవాళ్ళు వేస్తే కేకలు, ఆడవాళ్ళు వేస్తే నిశ్శబ్దం. నారాయణప్ప ఆవలించాడు. పక్కనున్న ఆయన గడియారం చూసుకున్నాడు. నాకు ఈల మింగేయాలనిపించింది.

రెండు జట్లకూ పాయింట్లు సమానం. ఆఖరి చుట్టు మిగిలింది. అది గేటు వైపు ఆడాలి. అప్పుడే పొద్దు గుంకింది. అవ్వ లోపలికెళ్ళి పటం ముందు దీపం పెట్టింది. ట్యూబులైట్లు వెలిగాయి. అంతే, నాలుగు చీపుర్లూ గోడకు చేరాయి. రెండు జట్ల ఆడవాళ్ళూ చేతులు కొంగుకు తుడుచుకుని నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నాను.

"దీపం పెట్టినాక ఊడుస్తారా మేడం?" అంది రెడ్డెమ్మ, నేనేదో అనకూడని మాట అన్నట్టు. "అందులోనూ గేటు దిక్కుకు! లచ్చిమిని బయటికి తోసినట్ల గాదా?"

నిజమే, మా ఇంట్లో కూడా దీపం పెట్టాక చీపురు ముట్టను. ఆటకి రోజు చూశాడు, రాహుకాలం చూశాడు, చెంగప్ప ఈ సంగతి మాత్రం మర్చిపోయాడు. ఊడవకుండా ఆడితే ఒక్క రాయీ సగం దూరం కూడా పోదు. నారాయణప్ప చెప్పులు వెతుక్కుంటున్నాడు. శ్యామల ముఖం చూడలేకపోయాను. ఆ పచ్చబండ అప్పుడే లారీ ఎక్కేసినట్టు చూస్తోంది దాన్ని.

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ గడప మీద నిలబడి ఆవరణ అంతా ఒకసారి చూసింది.

"దీపం పెట్టినాక ఇంట్లో ఏమన్నా ఒలికితే ఏం సేస్తాం? లోపలి మూలకు ఊడ్సి పెడతాం, బయటికి ఊడవం. గేటు కాడ్నించి ఇట్ల ఇంటి దిక్కుకు ఊడ్సండి. లచ్చిమి లోపలికి వస్తాది గాని యాడికి పోతాది?"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సబబుగానే ఉంది. ఇప్పుడందరూ నన్ను చూస్తున్నారు. నియమం ప్రకారం ఆఖరి చుట్టు గేటు వైపే ఆడాలి. కానీ దీపం పెట్టాక ఎటు ఊడవాలో నా కాగితంలో ఎక్కడా లేదు. మంచుదేశాల వాళ్ళకి ఆ ఇబ్బంది రాలేదు కాబోలు. "అంపైరు నిర్ణయం! ఆఖరి చుట్టు ఇంటి దిక్కుకు!" అని గట్టిగా అరిచి ఈల వేశాను. కుప్పం కెప్టెను కూడా చప్పట్లు కొట్టాడు.

రాళ్ళు ఒకటొకటిగా వచ్చాయి. కుప్పం వాళ్ళ రాయి ఒకటి బొట్టుకు జానెడు దూరంలో నిలిచింది. ఇక శ్యామల రాయి ఒక్కటే మిగిలింది. అది దానికన్నా దగ్గరగా వస్తే మదనపల్లెదే ఆట.

ఆమె తన చీపురు కింద పెట్టి, వంగి, రాయిని వదిలింది. ఎంత అందంగా వదిలింది! రెడ్డెమ్మ ఒక్కతే రొప్పుతూ ఊడుస్తోంది. సగం దూరం వచ్చాక రాయి మందగించింది. మళ్ళీ అదే కథ అనుకున్నాను.

గడప మీది నుంచి అవ్వ గొంతు ఖంగుమంది: "ఏమప్పా, మండీ సావుకారీ! లచ్చిమి ఇంట్లోకి వస్తాంటే సేతులు కట్టుకోని నిలబడి సూస్తావా?"

భాస్కర్ ఉలిక్కిపడ్డాడు. పొద్దున్నే పటానికి దండం పెట్టకుండా మండీ తాళం తీయని మనిషి. ఎదురుగా దీపం, దాని వెనక లక్ష్మి, వస్తూ వస్తూ దారిలో ఆగిపోతున్న రాయి. ఒక్క ఉదుటున శ్యామల చీపురు అందుకుని రాయి ముందుకు దూకాడు. ఇక ఊడ్చాడు చూడండి! జన్మలో చీపురు పట్టని చేతులు కావడంతో ఎంత ఊడవాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. పౌడరు పొగలా లేచింది. రాయికి ప్రాణం వచ్చింది. జనం లేచి నిలబడ్డారు. మండీ వాళ్ళు నవ్వుతున్నారు, అరుస్తున్నారు, "భాస్కరప్పా, ఊడ్సు!" అని గొంతు చించుకుంటున్నారు. రాయి వలయంలోకి వచ్చింది. బొట్టు మీదికి వచ్చింది.

"సాలు, సాలు! ఆపు!" అని శ్యామల అక్కడి నుంచి కేక పెట్టింది.

ఆయనకు వినపడితేగా. రాయి బొట్టు దాటింది, వలయం దాటింది, బండ చివరకొచ్చి ఆఫీసు మెట్టుకు ఠంగున తగిలి ఆగింది. భాస్కర్ మాత్రం ఇంకా రెండడుగులు ఊడ్చుకుంటూ వెళ్ళి గడప దగ్గర అవ్వ కాళ్ళ మీద పడ్డాడు. అవ్వ దీవించేసింది.

మదనపల్లె ఓడిపోయింది. పాయింటు కుప్పానికి ఇచ్చాను. శ్యామల బండ మీద చతికిలబడి, పౌడరు అంటిన చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందేమో అని పరుగెత్తాను. చేతులు తీస్తే నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "నా రాయి అంత దూరం పోయింది సూసినావా సుగుణా" అంది.

నారాయణప్ప చెప్పులు వేసుకున్నాడు గాని కదల్లేదు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "సెంగప్పా, ఇట్లాంటిది నా వయసులో నేను సూడలా. వచ్చే ఆదివారం కూడా ఆ యప్ప ఊడుస్తాడా?" అని అడిగాడు.

చెంగప్ప భాస్కర్ వైపు చూశాడు. మండీ జనం కూడా అటే చూస్తున్నారు. ఆయన చొక్కా నిండా పౌడరు, చేతిలో ఇంకా చీపురే.

"ఇంటి దిక్కుకైతే ఊడుస్తా" అన్నాడు భాస్కర్.

"మేమూ అంతే" అన్నాడు పుంగనూరు గంగులప్ప, తనను ఎవరూ అడక్కపోయినా. వెనకనున్న ఆయన భార్య నా వైపు చూసి కళ్ళెగరేసింది.

అలా బండాటలో కొత్త నియమం పుట్టింది. రాళ్ళన్నీ గేటు నుంచి ఇంటి వైపే, ఊడవడం ఇక అందరిదీ. నియమాల కాగితం వెనక రాసి సంతకం పెట్టి చెంగప్పకి ఇచ్చాను.

సోమవారం

రైలెక్కే ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాను, చెప్పి పోదామని. పొగమంచు పట్టి ఉంది. గేటు దగ్గర బెంగుళూరు లారీ ఆగి ఉంది. చెంగప్ప దాన్ని వెనకవైపు షెడ్డుకు పంపిస్తూ, "ఆ తెల్ల బండలు ఎత్తుకో. పచ్చబండ ఇయ్యను" అని డ్రైవరుతో తమిళంలో ఏదో కలిపి గట్టిగా చెబుతున్నాడు.

ఆవరణలో ఇద్దరే ఉన్నారు. శ్యామల గేటు దగ్గర రాయి పట్టుకుని వంగి ఉంది. భాస్కర్ చీపురు పట్టుకుని ఒక పక్క సిద్ధంగా నిలబడ్డాడు. నన్ను చూసి నిన్నటి సిగ్గు మళ్ళీ వచ్చినట్టుంది, "ఊరికే అక్కా, సలికి" అన్నాడు. శ్యామల వదిలింది. ఆయన ఊడ్చాడు, ఈసారి కళ్ళు రాయి మీద లేవు, భార్య మీద ఉన్నాయి. రాయి వలయంలోకి వచ్చింది.

"సాలు" అంది శ్యామల, మామూలు గొంతుతో.

ఆయన వెంటనే చీపురు పైకెత్తాడు. రాయి ఇంకో మూరెడు జారి, నడిమి బొట్టు మీద నిలిచింది.

ఆట కాదు, ఎదుటి జట్టూ లేదు. అయినా నేను చెయ్యి ఎత్తి పాయింటు ఇచ్చాను.